మన ఊరు తెలియనివారికి రెజ్యూమె రాయడం ఎలా

ఒడిశాలోని రాయగడ నుంచి హైదరాబాదులోని ఒక సంస్థకు దరఖాస్తు పంపిన కుర్రవాడికి రెండు నెలల తరువాత ఫోను వచ్చింది. అవతలివారు హిందీలో పలకరించి, ముంబయి పక్కనే ఉన్నారు కాబట్టి మరునాడు పుణె శాఖకు ఇంటర్వ్యూకు రమ్మన్నారు. అతను రెజ్యూమె పైభాగంలో ఊరి పేరు మాత్రమే రాసి, జిల్లా, రాష్ట్రం వదిలేశాడు. చదివినవారు దానిని మహారాష్ట్రలోని రాయగడ్ అనుకున్నారు. ఆ ఉద్యోగం అతనికి దక్కలేదు. చదువులో గాని, పనితనంలో గాని అతనికి లోటేమీ లేదు.

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, జయపురం ప్రాంతాల తెలుగు పిల్లల రెజ్యూమెలు చాలా ఏళ్ళుగా దిద్దుతున్నాను. వాటిలో నాకు కనబడే లోపాలు ఎక్కువగా ఇంగ్లీషుకు సంబంధించినవి కావు. మనకు తెలిసిన సంగతులు చదివేవారికీ తెలిసే ఉంటాయన్న నమ్మకంతో రాయడం వల్ల వచ్చేవే ఎక్కువ. మన రెజ్యూమె ఎక్కడో విశాఖపట్నంలోనో, భువనేశ్వర్‌లోనో, బెంగళూరులోనో కూర్చున్న మనిషి చేతికి వెళుతుంది. ఆ మనిషికి మన ఊరు తెలియదు, మన బోర్డు తెలియదు, మనం పనిచేసిన చోటు తెలియదు. ఎవరినీ అడగనవసరం లేకుండా అతనికి అన్నీ అర్థమయ్యేటట్లు రాయడమే ఇందులో ముఖ్యం. రెజ్యూమె ఇంగ్లీషులోనే ఉంటుంది కాబట్టి, ఇక్కడ నేనిచ్చే నమూనా వాక్యాలను భావం కోసం చూసుకుని మీ మాటల్లో ఇంగ్లీషులోకి రాసుకోవాలి.

ఊరు, పేరు, ఫోను

మన ప్రాంతపు ఊళ్ళ పేర్లకు దేశంలో చాలా చోట్ల జోడీలున్నాయి. రాయగడకు మహారాష్ట్రలో రాయగడ్, ఛత్తీస్‌గఢ్‌లో రాయ్‌గఢ్ ఉన్నాయి. కోరాపుట్ జిల్లాలోని జయపురాన్ని ఇంగ్లీషులో చూసినవారు రాజస్థాన్ రాజధాని జైపూర్ అనో, ఒడిశాలోనే ఉన్న జాజ్‌పూర్ అనో పొరబడతారు. బరంపురం పేరును పాత పద్ధతిలో రాస్తే పశ్చిమ బెంగాల్‌లోని ముర్షిదాబాద్ జిల్లా కేంద్రం బహరంపూర్‌గా చదువుకునే వీలుంది. పైగా రైల్వే స్టేషను మీద, ప్రభుత్వ కాగితాల మీద బ్రహ్మపూర్ అని ఉంటుంది. కాబట్టి ఊరు, జిల్లా, రాష్ట్రం, పిన్‌కోడు కలిపి ఒక్క వరుసలో రాయాలి. ‘రాయగడ, రాయగడ జిల్లా, ఒడిశా 765001’ అంటే చాలు, వీధి పేరు, ఇంటి నంబరు అక్కరలేదు. వేరే నగరానికి వచ్చి చేరడానికి సిద్ధంగా ఉంటే, ఎన్ని రోజులలో చేరగలరో దాని కిందనే ఒక చిన్న వాక్యంలో చెప్పడం మంచిది, ఎందుకంటే దూరం చూసి పక్కన పెట్టేవారు ఆ వాక్యం దగ్గర ఆగుతారు.

పేరు విషయంలో మనకు ఇంకొక చిక్కు ఉంది. ఒడియా పలుకుబడిలో ‘వ’ తరచు ‘బ’ అవుతుంది, ‘కృష్ణ’లోని ‘ఋ’ ‘రు’ అవుతుంది. అందుచేత బడిలో పేరు నమోదు చేసినవారు వెంకటను బెంకటగానూ, కృష్ణను క్రుష్ణగానూ ఇంగ్లీషు అక్షరాలలో రాసి ఉంటారు. ఆధార్‌లో మనం తెలుగు పద్ధతిలో చెప్పి ఉంటాం. ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఒకదానిలో వెనుక, మరొకదానిలో ఒక్క పొడి అక్షరంగా మిగులుతుంది. ఉద్యోగం ఖాయమైన తరువాత సర్టిఫికెట్లను సరిచూసే దశలో ఇదంతా బయటపడి, చేరే తేదీ వెనక్కి పోయిన సందర్భాలు నేను చూశాను. రెజ్యూమె మీద పదవ తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న పేరునే, అదే అక్షరక్రమంలో, పొడి అక్షరాలు లేకుండా పూర్తిగా రాయాలి. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా దానికి సరిపోయేలా ఇప్పుడే దిద్దించుకోవాలి. ఉద్యోగం వచ్చాక దిద్దించుకుందామంటే అప్పుడు సమయం చాలదు.

ఈమెయిలు మీ సొంతదై ఉండాలి. ఈ మాట ఎందుకు చెప్పవలసి వస్తోందంటే, మన పిల్లల ఈమెయిళ్ళు చాలా వరకు నెట్ సెంటర్ అన్నయ్య ఏదో ఒక పరీక్ష దరఖాస్తు కోసం తెరిచినవి, వాటి పాస్‌వర్డు పిల్లలకు తెలియదు. ఇంటర్వ్యూ పిలుపు దానిలోకి వచ్చి, చూసేవారు లేక గడువు దాటిపోతుంది. మీ పేరుతో తేలికగా చదవగలిగే ఈమెయిలు ఒకటి తెరిచి, పాస్‌వర్డు ఇంట్లో ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. ఫోను నంబరు రీఛార్జి లేక ఆగిపోనిదై ఉండాలి. మీ ఊరు కొండల మధ్య ఉండి సిగ్నలు సరిగా అందకపోతే, పట్నంలో ఉండే అక్కదో బాబాయిదో నంబరును రెండవదిగా, వారికి ముందుగా చెప్పి, ఇవ్వవచ్చు.

చదువు వివరాలలో బోర్డు పేరు ఎందుకు కావాలి

మన ప్రాంతపు రెజ్యూమెలలో ఎక్కువ అపార్థం కలిగించే భాగం ఇదే. ఒడిశాలో హెచ్‌ఎస్‌సీ అంటే పదవ తరగతి. అదే మహారాష్ట్రలో హెచ్‌ఎస్‌సీ అంటే పన్నెండవ తరగతి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో పదవ తరగతిని ఎస్‌ఎస్‌సీ అంటారు. మీరు ‘హెచ్‌ఎస్‌సీ, 2019’ అని రాసి హైదరాబాదుకు పంపితే, చదివినవారు ఏ రాష్ట్రంవారైతే ఆ అర్థమే తీసుకుంటారు. మీరు 2019లో ఇంటర్ పూర్తి చేశారనుకుని, ‘ప్లస్ టూ, 2021’ అన్న తరువాతి వరుస చూసి, ఇదేమి లెక్క అని అనుమానపడతారు. ఇక ‘ప్లస్ త్రీ’ అన్న మాట ఒడిశా దాటితే దాదాపు ఎవరికీ తెలియదు. ఎంతో శ్రమపడి డిగ్రీ పూర్తి చేసినవారు ‘ప్లస్ త్రీ ఆర్ట్స్’ అని రాస్తే, అది డిగ్రీ అని గ్రహించక, డిగ్రీ లేని అభ్యర్థిగా లెక్కవేసే ప్రమాదం ఉంది.

అందుచేత తరగతిని అంకెతో రాయాలి, దాని పక్కన బోర్డు పూర్తి పేరు రాయాలి. ‘10వ తరగతి, బోర్డ్ ఆఫ్ సెకండరీ ఎడ్యుకేషన్, ఒడిశా’ అని, ‘12వ తరగతి, సైన్స్, కౌన్సిల్ ఆఫ్ హయ్యర్ సెకండరీ ఎడ్యుకేషన్, ఒడిశా’ అని, ‘బీకాం, బరంపురం విశ్వవిద్యాలయం’ అని రాస్తే ఎవరికీ సందేహం ఉండదు. ఇచ్ఛాపురంలోనో, పాతపట్నంలోనో ఇంటర్ చదివి భువనేశ్వర్‌కు దరఖాస్తు పంపేవారు కూడా ‘ఇంటర్మీడియట్, 12వ తరగతితో సమానం’ అని చేర్చడం మేలు. బరంపురంలోని ఉమాచరణ్ పట్నాయక్ ఇంజినీరింగ్ స్కూలు పేరులో స్కూలు అని ఉన్నా అది డిప్లొమా చెప్పే సంస్థ కాబట్టి, అక్కడ చదివినవారు ‘మెకానికల్ ఇంజినీరింగ్‌లో మూడేళ్ళ డిప్లొమా’ అన్నది ముందు రాసి, సంస్థ పేరు తరువాత రాయాలి. ఐటీఐవారు ట్రేడు పేరు, ఎన్నేళ్ళ కోర్సు అన్నది, నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ ఉన్నదా లేదా అన్నది తప్పక తెలపాలి. సర్టిఫికెట్ ఇంకా చేతికి రాకపోతే, పరీక్ష పాసైన నెల, సంవత్సరం రాయాలి.

మార్కులు గ్రేడులలో ఉంటే, మీ విశ్వవిద్యాలయం చెప్పిన లెక్క ప్రకారం శాతం కూడా ఇవ్వండి. వేరే విశ్వవిద్యాలయపు సూత్రం వాడి శాతం పెంచుకోవద్దు. మార్కులు తక్కువగా ఉన్నవారు వాటిని రాయాలా అని నన్ను అడుగుతుంటారు. ప్రకటనలో అడిగితే రాయాలి, అడగకపోతే పాసైన సంవత్సరం చాలు. కాని ఇంటర్వ్యూలో అడిగినప్పుడు నిజం చెప్పడానికి సిద్ధంగా ఉండాలి. తాజాగా చదివినది పైన, పాతది కింద రావాలి.

అనుభవం, లేదనుకున్న అనుభవం

గుణుపురం నుంచి వచ్చిన ఒక బీకాం అబ్బాయి రెజ్యూమెలో అనుభవం అన్నచోట ‘లేదు’ అని ఉంది. మాటల్లో తెలిసిందేమంటే, అతను రెండేళ్ళుగా మేనమామగారి హోల్‌సేల్ కిరాణా కొట్టులో లెక్కలన్నీ తానే చూస్తున్నాడు. లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో బిల్లులు ఎక్కిస్తున్నాడు, నెలాఖరున సరుకు లెక్క చూస్తున్నాడు, జీఎస్టీ రిటర్నుకు కావలసిన వివరాలు ఆడిటరుకు పంపుతున్నాడు, చుట్టుపక్కల ఊళ్ళ చిల్లర వర్తకులతో తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడి బాకీలు వసూలు చేస్తున్నాడు. ఇది అనుభవం కాకపోతే మరేది అనుభవం? సొంతవారి కొట్టు కావడం వల్ల, జీతం చీటీ లేకపోవడం వల్ల అతనికి అది ఉద్యోగంగా కనబడలేదు. ఒక గుమాస్తా కోసం వెతుకుతున్న సంస్థకు మాత్రం అదే కావాలి.

అతనికి చెప్పినదే మీకూ చెబుతున్నాను. ముందు ఒక తెల్లకాగితం తీసుకుని, పొద్దున్న తాళం తీసినప్పటి నుంచి రాత్రి తాళం వేసేదాకా మీరు చేసే పనులన్నీ వరుసగా రాయండి. వాటిలో దరఖాస్తు చేసే ఉద్యోగానికి పనికి వచ్చేవాటి కింద గీత గీయండి. తరువాత ప్రతి పనికీ ఒక అంకె దొరుకుతుందేమో చూడండి. అంకెను ఊహించకూడదు. బిల్లుపుస్తకం తీసి ఒక వారం రోజుల బిల్లులు లెక్కపెట్టి, రోజుకు సగటున ఎన్ని పడ్డాయో చూడాలి. ఆ అబ్బాయి లెక్కపెడితే రోజుకు 60 దాకా వచ్చాయి. చివరికి అతని రెజ్యూమెలో ఈ అర్థం వచ్చే వాక్యాలు చేరాయి: ‘రోజుకు సుమారు 60 అమ్మకపు బిల్లులను ట్యాలీలో నమోదు చేశాను. ప్రతి నెలా సరుకు నిల్వను పుస్తకాలతో సరిచూశాను. జీఎస్టీ రిటర్నుకు కావలసిన అమ్మకం, కొనుగోలు వివరాలను గడువులోగా ఆడిటరుకు అందించాను.’ వాటిలో పొగడ్త ఒక్కటీ లేదు, అబద్ధం ఒక్కటీ లేదు. కుటుంబపు కొట్టు అన్న సంగతి కూడా దాచలేదు.

కర్మాగారాల పని చేసినవారికి ఇంకొక జాగ్రత్త కావాలి. మన జిల్లాలలో దామన్‌జోడి, సునాబెడ, తెరుబలి, జేకేపూర్, ఛత్రపూర్ వంటి చోట్ల పెద్ద పరిశ్రమలున్నాయి. వాటి ఆవరణలో పనిచేసేవారందరూ ఆ సంస్థల ఉద్యోగులు కారు, కాంట్రాక్టరు కింద పనిచేసేవారు చాలామంది ఉంటారు. గేటు పాసు మీద కర్మాగారం పేరుంటుంది, జీతం మాత్రం కాంట్రాక్టరు ఖాతా నుంచి వస్తుంది. అటువంటివారు తాము కర్మాగారపు ఉద్యోగినని రాస్తే, తరువాత విచారించినప్పుడు ఆ సంస్థ రికార్డులలో పేరు దొరకదు. నిజంగా చేసిన పని కూడా అబద్ధంగా మిగిలిపోతుంది. కాంట్రాక్టరు సంస్థ పేరును యజమానిగా రాసి, ‘పనిచేసిన చోటు’ అని కర్మాగారం పేరును పక్కన చేర్చడమే సరైన పద్ధతి. తేదీలు ఈపీఎఫ్ (ఉద్యోగుల భవిష్య నిధి) పాస్‌బుక్కుతో సరిపోవాలి. 2014 నుంచి అమలులో ఉన్న 12 అంకెల యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని భవిష్య నిధి నంబరు) కింద మీరు ఎప్పుడు ఎక్కడ చేరారో, ఎప్పుడు మానారో నమోదై ఉంటుంది, చాలా సంస్థలు నియామకానికి ముందు దానిని చూస్తాయి. రెజ్యూమె రాయడానికి కూర్చునే ముందే ఆ పాస్‌బుక్కు తెరిచి చూసుకోండి. కాంట్రాక్టరు మీరు మానిన తేదీ నమోదు చేయకపోతే ఇప్పుడే అడిగి చేయించుకోండి.

చేసిన పనిని ఆ వృత్తివారి మాటల్లోనే రాయాలి. ‘ఫిట్టరుగా మూడేళ్ళు పనిచేశాను’ అన్న వాక్యంతో చదివేవారికి ఏమీ తెలియదు. పంపులకు గ్లాండ్ ప్యాకింగ్ మార్చారా, బేరింగులు ఊడదీసి బిగించారా, కప్లింగ్ అలైన్‌మెంటును డయల్ గేజ్‌తో చూశారా, కన్వేయరు రోలర్లు మార్చారా, షట్‌డౌన్ పనులలో ఎన్నిసార్లు పాల్గొన్నారు అన్నవి రాస్తే, మెయింటెనెన్స్ ఇంజినీరు మిమ్మల్ని వెంటనే గుర్తిస్తాడు. వెల్డరైతే ఆర్క్ పద్ధతా, టిగ్ పద్ధతా, ఏ పొజిషన్‌లో పరీక్ష పాసయ్యారు అన్నది కావాలి. నిలువు పలక మీద చేసే 3జీకీ, 45 డిగ్రీలు వాలిన గొట్టం మీద చేసే 6జీకీ జీతంలోనే తేడా ఉంటుంది. వర్క్ పర్మిట్ తీసుకుని పని మొదలుపెట్టే అలవాటు, ఎత్తులో పనిచేసిన అనుభవం, భద్రతా శిక్షణ ఉంటే అవి కూడా ఒక వరుసలో చెప్పాలి.

గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్ళి తిరిగి వచ్చినవారు తమ పనికి కాగితం లేదని ఆ ఏళ్ళన్నీ వదిలేస్తారు. వదిలేస్తే అక్కడ మూడు నాలుగేళ్ళ ఖాళీ కనబడుతుంది. ఊరు, సంవత్సరాలు, ఒకేసారి ఎన్ని మగ్గాలు చూసుకున్నారు, దారం తెగినప్పుడు, మగ్గం ఆగినప్పుడు ఏయే మరమ్మతులు స్వయంగా చేశారు అన్నవి రాయండి. బ్యాంకు పుస్తకంలో జీతం పడిన వరుసలు, పాత గుర్తింపు కార్డు ఉంటే భద్రపరచుకోండి. ఇంటర్వ్యూలో అడిగితే చూపడానికి అవి చాలు. పరీక్షలకు చదువుకోవడం వల్లనో, ఇంట్లో పెద్దవారి అనారోగ్యం వల్లనో వచ్చిన ఖాళీకి ఒక్క వరుసలో కారణం చెప్పి ముందుకు వెళ్ళాలి. దానిని దాచడానికి తేదీలు సాగదీయవద్దు.

భాషలు

అందరి రెజ్యూమెలలోనూ చిట్టచివర ఉండే ఈ వరుసను మన పిల్లలు పైకి తేవాలని నా గట్టి అభిప్రాయం. తెలుగు, ఒడియా, హిందీ, కొంత ఇంగ్లీషు అనే కలయిక సరిహద్దులో పుట్టినవారికి సహజంగా వస్తుంది. విశాఖపట్నంలో ఉండి దక్షిణ ఒడిశాలో సరుకు అమ్మే సంస్థకు, ఒడిశాలో ఉండి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి రోగులు వచ్చే ఆసుపత్రికి, రెండు వైపులా వెళ్ళే రవాణా కంపెనీకి ఇది నిజంగా అవసరమైన నైపుణ్యం. అయితే ‘తెలుగు, ఒడియా వచ్చు’ అంటే చాలదు. మాట్లాడడం, చదవడం, రాయడం విడివిడిగా చెప్పాలి. ఒడియా మీడియంలో చదివిన మన పిల్లలలో చాలామంది ఇంట్లో చక్కని తెలుగు మాట్లాడతారు కాని చదవలేరు. తెలుగు మీడియంలో చదివినవారిలో కొందరికి ఒడియా మాట వస్తుంది, రాత రాదు. ఉన్నది ఉన్నట్లు రాస్తే ఉద్యోగంలో చేరిన తరువాత ఇబ్బంది ఉండదు.

సవర, కువి వంటి భాషలు వచ్చినవారు వాటిని చెప్పుకోవడానికి మొహమాటపడతారు. పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చుకుని, దానికి నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి పంతులుగారు తిరిగిన నేల ఇది. కొండ ఊళ్ళలో పనిచేసే ఆరోగ్య పథకాలకు, స్వచ్ఛంద సంస్థలకు, చిన్న రుణాలిచ్చే సంస్థలకు ఆ భాష తెలిసిన మనిషి దొరకడం కష్టం. కాబట్టి తప్పకుండా రాయండి.

ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకు వెళ్ళదలచినవారికి ఒక సంగతి. ఆ ప్రకటనలలో సాధారణంగా ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం రావాలని, ఏడవ తరగతి స్థాయిలోనైనా ఒడియా ఒక భాషగా పాసై ఉండాలని నిబంధన ఉంటుంది. తెలుగు మీడియంలో చదివి ఒడియా పాసైనవారు ఆ పరీక్ష, సంవత్సరం వివరాలను రెజ్యూమెలో చదువు కింద చేర్చి, సర్టిఫికెట్‌ను మిగతావాటితో కలిపి ఉంచుకోవాలి.

తీసివేయవలసినవి

మన ప్రాంతంలో నెట్ సెంటర్లో టైపు చేయించే బయోడేటాలో తండ్రి పేరు, మతం, కులం, వివాహం, ఎత్తు, బరువు, ఆధార్ నంబరు అన్నీ ఉంటాయి. ప్రైవేటు సంస్థకు పంపే రెజ్యూమెలో ఇవేవీ అక్కరలేదు. ప్రభుత్వోద్యోగాలకు కావలసినవి వారి దరఖాస్తు ఫారంలోనే అడుగుతారు. ఆధార్, పాన్ నంబర్లు మాత్రం ఎవరు పడితే వారు చూసే కాగితం మీద ఎప్పుడూ ఉంచకూడదు. ఫొటో అడిగితేనే పెట్టాలి. పేరున్న సంస్థలో సవాళ్ళతో కూడిన ఉద్యోగం కోరుకుంటున్నానని చెప్పే ఆశయ వాక్యం వందమంది రెజ్యూమెలలో అక్షరం మారకుండా ఉంటుంది. దాని బదులు మీరెవరో రెండు వరుసలలో చెప్పండి: ‘బీకాం పూర్తి చేసి, రెండేళ్ళుగా హోల్‌సేల్ వ్యాపారంలో లెక్కలు చూస్తున్నాను. ట్యాలీ, జీఎస్టీ బిల్లింగ్ తెలుసు. తెలుగు, ఒడియా, హిందీలలో ఖాతాదారులతో మాట్లాడగలను.’ పై వివరాలన్నీ నిజమని చివర రాసే హామీ వాక్యం, అభిరుచుల జాబితా కూడా తీసివేయవచ్చు. కొత్తవారికి ఒక పేజీ, పదేళ్ళు పనిచేసినవారికి రెండు పేజీలు సరిపోతాయి.

టైపు చేయించడం, పంపడం

పెద్ద సంస్థలలో రెజ్యూమెను మనిషి కంటే ముందు కంప్యూటరు చదువుతుంది. రెండు నిలువు వరుసలుగా విడగొట్టిన పేజీలు, పెట్టెలు, బొమ్మలు, నక్షత్రాలతో చూపే నైపుణ్యాలు దానికి సరిగా అందకపోవచ్చు. నల్లటి మామూలు అక్షరాలతో, పై నుంచి కిందికి ఒకే వరుసలో సాగే పేజీ మేలు. ప్రకటనలో వాడిన మాటలు మీకు నిజంగా వర్తిస్తే అవే మాటలు వాడండి. వారు ‘స్టోర్ కీపర్’ అంటే మీరు ‘గోదాము బాధ్యుడు’ అనే అర్థం వచ్చే వేరే మాట రాయవద్దు. ప్రతి ఉద్యోగానికీ కొత్త రెజ్యూమె అక్కరలేదు, కాని పైన ఉన్న రెండు వరుసలనూ, అనుభవంలోని వాక్యాల క్రమాన్నీ ఆ ఉద్యోగానికి తగినట్లు మార్చాలి.

నెట్ సెంటర్లో చేయించేవారు అంతకుముందు వచ్చినవారి ఫైలు మీదనే తమ వివరాలు ఎక్కించడం మామూలు. అందువల్ల ఇంకొకరి తండ్రి పేరో, పాత తేదీయో, వేరే ఊరో ఒక మూల మిగిలిపోతుంది. అచ్చు తీయకముందు పేజీని కింది నుంచి పైకి, ఒక్కొక్క వరుసా వేలు పెట్టి చదవండి. పని పూర్తయ్యాక వర్డ్ ఫైలును అడిగి మీ ఈమెయిలుకు పంపించుకోండి. అది మీ దగ్గర లేకపోతే ఒక్క ఫోను నంబరు మార్చుకోవడానికి మళ్ళీ డబ్బు కట్టవలసి వస్తుంది.

పంపేది పీడీఎఫ్ రూపంలో, మీ పేరు, ఉద్యోగం పేరు ఉన్న ఫైలుగా ఉండాలి. మొదట మీకే పంపుకుని, ఒక మామూలు ఫోనులో తెరిచి చూడండి. ఈమెయిలు విషయం అన్నచోట ఏ ఉద్యోగానికో, మీ పేరేమిటో రాయాలి. లోపల నాలుగు వాక్యాలు చాలు: ప్రకటన ఎక్కడ చూశారు, మీకున్న ముఖ్యమైన అర్హత ఏమిటి, ఎప్పుడు చేరగలరు, ఏ నంబరుకు ఫోను చేయాలి. మీ గురించి చెప్పగలవారి పేర్లు అడిగితే, పాఠం చెప్పిన లెక్చరరునో, పనిచేయించిన సూపర్‌వైజరునో ముందుగా అనుమతి అడిగి, మీరు ఏ ఉద్యోగానికి దరఖాస్తు చేశారో వారికి చెప్పి ఉంచండి. ఏ తేదీన ఎవరికి ఏ రెజ్యూమె పంపారో ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే, తెలియని నంబరు నుంచి ఫోను వచ్చినప్పుడు ఆ పేజీ తీసి చూసుకుని తడుముకోకుండా మాట్లాడగలరు.